నా పాదం, మా ఆయన మోటారు

మొన్న కామారెడ్డి రైలుగేటు దగ్గర మా మనుమరాలి స్కూటరు ఆగిపోయింది. వెనక సీటు మీద నేనున్నాను. పిల్ల తన్నింది, అటూ ఇటూ వంచింది, ఎవరికో ఫోను చేసింది. నేను ఊరుకోలేక, పెద్ద ఇంజనీరులాగా "పెట్రోలు మూత తీసి చూడు బిడ్డా" అన్నాను. తీసి చూస్తే చుక్క లేదు. "నీకెట్ల తెలిసిందే అవ్వా?" అని అది నోరు వెళ్ళబెట్టింది. తెలిసి అనలేదు. బండి ఆగితే ముందు మూత వైపు చూడటం నాకు పదహారో ఏట అలవాటైంది. ఆ అలవాటు వెనక నా కాపురం నిలబడిన కథ ఉంది. కొంచెం గొప్పగానే చెబుతాను. ఈ వయసులో కూడా గొప్పలు చెప్పుకోకపోతే ఇంకెప్పుడు చెప్పుకుంటాను?

మా పుట్టిల్లు కామారెడ్డి, అత్తవారిల్లు ఎల్లారెడ్డి. రెండో జర్మనీ లడాయి మొదలైన మరుసటి ఎండాకాలంలో నా పెళ్లయింది. అత్తవారికి భూములున్నాయి కానీ మా ఆయనకు పొలం కంటే మోటారు మీద ధ్యాస ఎక్కువ. బొల్లారంలో ఊరొదిలి పోతున్న ఒక తెల్లదొర దగ్గర, రేసుల్లో తిప్పే రెండు సీట్ల మోటారు కొన్నాడు. ఎర్రటిది, నేలకు జానెడెత్తున, ముందు పొడుగాటి ముక్కు, వెనక తోక మీద వెండిగిన్నెలా మెరిసే పెట్రోలు మూత. దాని చప్పుడుకు ఎడ్లు తాళ్ళు తెంపుకునేవి. నన్ను కాపురానికి తెచ్చింది దాంట్లోనే. ఇంటి ముందు దిగగానే మా అత్తమ్మ నాకు హారతి ఇచ్చి, అదే పళ్ళెంతో మోటారుకూ ఇచ్చి, ఇద్దరికీ బొట్లు పెట్టింది. అంతవరకు గుర్రంలా పరిగెత్తిన బండి ఆ వారం నుంచే మొరాయించడం మొదలుపెట్టింది. ఐదారు మైళ్ళు బాగా పోయేది. తర్వాత దగ్గేది, గురకపెట్టేది, ఆగిపోయేది. కాసేపు తంటాలు పడితే కదిలేది, మళ్ళీ ఐదారు మైళ్ళకు అదే తంతు.

మా ఆయన ప్లగ్గులు విప్పి గీకాడు. హైదరాబాదు నుంచి మోటార్లు బాగుచేసే ఒక ఉస్తాదును రైల్లో పిలిపించారు. ఆయన మూడు రోజులు మా ఇంట్లో కోడికూర తిని, కార్బురేటరు విప్పి తుడిచి, పెట్రోలంతా తోడి మల్లుగుడ్డలో వడగట్టి, ఊళ్ళోనే రెండు చక్కర్లు కొట్టించి "అబ్ శేర్ హై సాబ్, శేర్!" అని మీసం దువ్వాడు. ఆయన రైలెక్కిన రోజే ఆ సింహం తాడ్వాయి దగ్గర పడుకుంది. మా అత్తమ్మ చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించింది, గుమ్మడికాయతో దిష్టి తీసింది, ప్రతి శుక్రవారం బండికి పూజ పెట్టింది. చివరికి అందరి చూపూ నా మీద పడింది. "బండి మంచిగనే ఉండె. గీ పిల్ల అడుగువెట్టినంకనే గిట్లయింది" అని అత్తమ్మ నాకు వినబడేటట్టే అనేది. నాకు ఏడుపు వచ్చేది, కోపం అంతకంటే ఎక్కువ వచ్చేది. ఆమె మాట ఉత్త అబద్ధమైతే బాధ ఉండేది కాదు. బండి జబ్బు నిజంగానే నేను వచ్చిన వారం మొదలైంది.

ఇంతలో ఆషాఢం వచ్చింది, కొత్త కోడలు పుట్టింట్లో ఉండాల్సిన నెల. నన్ను దింపి రావడానికి అత్తమ్మ తానే బయలుదేరింది. ఎందుకో వంటింట్లో నా చెవిన పడింది. "జాతకం చూపెట్టిందాక మేం పిలువం, మీరు తోల్కరాకుండ్రి" అని మా బాపు మొహం మీద చెప్పడానికి. మా ఆయన తల్లి ముందు నోరు మెదపలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ కొంచెం మిగిలే ఉంది.

ఆయన నడుపుతుంటే పక్కన నేను, సీట్ల వెనక ఇరుకులో నా ట్రంకుపెట్టెను ఆనుకుని అత్తమ్మ. లింగంపేట దాటాక బండి దగ్గింది, గురకపెట్టింది, ఆగింది. "సూసినవా?" అంది అత్తమ్మ వెనకనుంచి. మడిలో నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు నడుములెత్తి చూశారు. మా ఆయన దిగి, ఒక వేపపుల్ల విరిచి తోక దగ్గరికి పోయాడు. పెట్రోలు ఎంతుందో చూపే ముల్లు ఎన్నడో చచ్చిపోయింది కాబట్టి, ఆగినప్పుడల్లా ముందు పుల్ల ముంచి చూడటం ఆయన పద్ధతి. మూత తిప్పాడు. 'ఉస్స్'మని చప్పుడైంది.

ఆ చప్పుడు నాకు తెలుసు. మా బాపుది కిరాణా దుకాణం. కిరసనాయిలు డబ్బాకు మొల కొట్టి ఒక్క చిల్లు చేస్తే నూనె ఆగి ఆగి, చివరికి బిగుసుకుని ఊరుకుంటుంది. రెండో చిల్లు పొడవగానే 'ఉస్స్'మని గాలి లోపలికి పోయి నూనె సాఫుగా కారుతుంది. ఆ రెండో చిల్లు పొడిచే పని చిన్నప్పటి నుంచి నాదే. నాకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. మా ఆయన పుల్ల ముంచాలన్నా, ఉస్తాదు పెట్రోలు తోడాలన్నా, ఎవరి వైద్యానికైనా ముందు ఆ మూత తీయాల్సిందే, తీస్తే గాలి దూరి బండి కదలాల్సిందే. పేరు మాత్రం ప్లగ్గులకూ, ఉస్తాదుకూ, నిమ్మకాయకూ వచ్చింది.

"ఇగో, గా మూత ఇటియ్యుండ్రి" అన్నాను. అత్త ముందు మొగుడితో మాట్లాడటం అదే మొదలు. మూత మీద నేను వచ్చిన రోజు పెట్టిన పసుపు బొట్టు, దాని మీద గంధం, కుంకుమ, శుక్రవారం శుక్రవారం పేరుకుని పెంకు కట్టి ఉంది. గాజుకు తగిలించుకున్న పిన్నీసు తీసి గోకాను. పెంకు ఊడితే నడుమ ఆవగింజంత చిల్లు బయటపడింది. పొడిస్తే పసుపు ముద్ద అవతలికి రాలింది. నోట పెట్టి ఊదాను. గాలి ఆడింది.

"డబ్బాకు గాలి రానీకె ఒక బొక్క ఉండాలె. అది మూసుకపోయింది. ఇగ పెట్రోలు యాడికెళ్లి వస్తది?" అన్నాను.

మా ఆయన మూతను చూశాడు, నన్ను చూశాడు, తల్లిని చూసే ధైర్యం మాత్రం చెయ్యలేదు.

"అయితే తప్పు నాదంటవా?" అంది అత్తమ్మ.

"తప్పు ఎవ్వలది గాదు అత్తమ్మా. కామారెడ్డి దాక బండి ఆగకపోతే నా పాదం మంచిదనుండ్రి. ఆగిందా, మీరు పిలిచేదాక నేను రాను."

బండి కదిలింది. నాలుగు మైళ్ళు, ఐదు, ఆరు. నేను మైలురాళ్ళు తప్ప ఇంకేమీ చూడలేదు. తాడ్వాయి వచ్చింది. కల్లు దుకాణం ముందున్నవాళ్ళు నెట్టడానికి అలవాటుగా లేచి నిలబడ్డారు. మా ఆయన హారను మోగించి వాళ్ళను దాటిపోయాడు. కామారెడ్డి ఇండ్లు కనబడగానే "ఆగలే అమ్మా, ఆగలే!" అని అరిచాడు.

మా బాపు ఎదురొచ్చాడు. అత్తమ్మ దిగి, చీర దులుపుకుని, చెంబెడు నీళ్ళు తాగింది. "అన్నా, మా మోటరు రోగం నీ బిడ్డ పట్టింది. హైద్రాబాదు ఉస్తాదుకు దొరకంది దీనికి దొరికింది. ఆషాఢం వెళ్లిన తెల్లారే మోటరు తోలిస్త. ఒక్క దినం గూడ ఎక్కువ ఉంచుకోకు" అంది. పసుపు సంగతి మాత్రం ఆమె చెప్పలేదు. నేనూ ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఆ పూట నేను ఇంట్లోకి నడిచిన నడక చూస్తే కలెక్టరు కూడా పక్కకు తప్పుకునేవాడు.

ఆషాఢంలో అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు కదా. మా ఆయన తొక్కలేదు. బండి పరీక్ష చేస్తున్నానని వంక పెట్టి నాలుగుసార్లు ఎల్లారెడ్డి నుంచి వచ్చి, మా వీధిలో అటొకసారి ఇటొకసారి తిప్పి, హారను కొట్టి పోయాడు. నేను కిటికీ దగ్గర నిలబడి నవ్వు ఆపుకునేదాన్ని. అంత పొడుగైన నెల మళ్ళీ నా బతుకులో రాలేదు. ఆ తర్వాత ఆయనతో గడిచిన నలభై ఏళ్ళు మాత్రం ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయాయో నాకు తెలియనే లేదు.