సప్పుడు తగ్గిందా, తమ్మీ

ఉప్పల్‌లోని మా ఆఫీసులో నా పక్క సీటు అక్క, నాచారం నూలు మిల్లులో పదేళ్లు పనిచేసి చెవులు పోగొట్టుకుంది. మీట పడిందో లేదో వేళ్లకు తెలియాలని సొంతంగా మెకానికల్ కీబోర్డు తెచ్చుకుంది. ఆ మోత భరించలేక మేనేజరుకు ఫిర్యాదు చేసింది నేనే.

చప్పుడు తగ్గించమని ఆయన చీటీ రాసిచ్చిన మర్నాడే ఆమె మీటలన్నీ ఊడదీసి, ఒక్కోదాని కింద రబ్బరు రింగు తొడిగింది. ఒక్కో మీటా నొక్కుతూ నా ముఖంలోకి చూసింది.

"సప్పుడు తగ్గిందా, తమ్మీ?"

తగ్గిందని తలూపాను.

"నా వేళ్లకే ఏం తెలుస్తలేదు," అంది.

అప్పటినుంచి ఆమె డేటా ఎంట్రీల్లో తప్పులు పెరిగాయి. నెల తిరక్కుండానే పనిలోంచి తీసేశారు.

"ఈడ నువ్వొక్కనివే నన్ను మంచిగ జూసినవ్," అంది వెళ్లేటప్పుడు.

అప్పుడైనా చెప్పాల్సింది. లిఫ్టు దాకా ఆమె సంచి మాత్రం మోశాను.