గాలికి పెట్టిన మూత

పెద్దబాపు పోయాడని ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను బియ్యం కడుగుతున్నాను. ఫోన్ చేసింది వార్డులో పనిచేసే ఆయా. కాగితం మీది పేరు చదివి, "తుమారే పాపా?" అని అడిగింది. కాదు, ఎదురింటాయన అని చెప్పడానికి నోరు రాలేదు. అవునన్నాను. తెల్లవారుతుండగా ప్రాణం పోయిందని, మనిషిని ఇంటికి ఇవ్వరని, ఒక్కరు మాత్రం శ్మశానం గేటు దాకా రావచ్చని చెప్పింది. ఫోన్ పెట్టేసి బయటికొస్తే ఎదురు తలుపు తెరిచే ఉంది. ఆయన భార్య పెద్దమ్మ గడప మీద కూర్చుని నా ముఖంకేసి చూస్తోంది. నేనింకా ఏమీ చెప్పకముందే, "పోయిండా?" అంది.

మా మధ్య రక్తసంబంధం లేదు. మాదీ వాళ్లదీ ఒకటే జిల్లా, అంతే. సూరత్‌లో భేస్తాన్ వైపు మగ్గాల షెడ్ల వెనక ఒక మూడంతస్తుల బిల్డింగులో పదకొండేళ్లుగా ఎదురెదురు గదుల్లో ఉంటున్నాం. నేను మునిసిపాలిటీ తెలుగు బడిలో టీచర్ని. ఆయన జాబర్, అంటే మరమగ్గాలు చెడిపోతే బాగుచేసే మిస్త్రీ. నలభై ఏళ్లు ఆ చప్పుడు మధ్య బతికి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. పెదాల కదలిక చూసి మాట పట్టుకునేవాడు. ఆయనతో మాట్లాడాలంటే ఎదురుగా నిలబడాలి, వెలుతురు మన ముఖం మీద పడాలి. నేను తొందరలో అటు తిరిగి మాట్లాడితే, "బిడ్డా, జర ఇటు మర్లు. నీ మాట గోడకు చెప్తున్నవు" అనేవాడు.

ఆయన పైపు తాగేవాడు. మగ్గం పనివాళ్లలో బీడీ, గుట్కా మామూలే గాని పైపు ఎవరూ తాగరు. తాపీ నది ఒడ్డున ఆదివారం సంతలో, విరగ్గొట్టిన ఓడల నుంచి వచ్చిన పాత సామాన్ల కుప్పలో దొరికిందట. గల్లీలో జనం దొరవారని నవ్వేవాళ్లు. ఆయన పట్టించుకోలేదు. కొన్న రోజే దానికి ఒక మూత చేశాడు. పల్చటి ఇత్తడి రేకును గుండ్రంగా కత్తిరించి, చిన్న గిన్నెలా వంచి, మేకుతో బెజ్జాలు పొడిచి, పైపు మూతికి తీగెతో బిగించాడు. మొదటి మూతకు బెజ్జాలు తక్కువై నిప్పు ఆరిపోయేది. రెండోదానికి ఎక్కువై గాలికి రవ్వలు లేచేవి. మూడోది కుదిరింది. ఆ మూత లేకుండా ఆయన ఆరుబయట పైపు తాగగా నేను చూడలేదు. లోపల ఎన్నడూ వెలిగించలేదు.

"గాలి లేనినాడు గూడ మూతెందుకు పెద్దబాపూ?" అని అడిగాను ఒకసారి.

"గాలికి మొకం లేదు బిడ్డా. ఎటు జూస్తున్నదో మనకేం తెలుస్తది?" అన్నాడు. మూత మీద వేలు ఆనించి, "మూతున్నదంటే లోపల నిప్పున్నదని యాదికుంటది" అన్నాడు.

తాగొద్దని నేను పోరేదాన్ని. ఆయన ఊపిరితిత్తులు అప్పటికే నూలు దుమ్ముతో నిండి ఉన్నాయి. పొగ వాటికి మేలు చేసిందని ఇప్పుడూ అనను. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు అన్నీ మంచివే రాయాలని ఉంటుంది గాని, ఆయనకు అబద్ధం చెప్పడం నచ్చదు. ఎందుకు నచ్చదో తర్వాత తెలిసింది.

మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయాయి. అది ఎలా ఉంటుందో బయటివాళ్లకు చెప్పడం కష్టం. మా గల్లీలో పగలూ రాత్రీ గోడలు సన్నగా వణుకుతూనే ఉండేవి. గ్లాసులో నీళ్లు కూడా ఊరికే ఉండేవి కావు. ఒక్కరోజులో అన్నీ ఆగిపోయాయి. పెద్దబాపు చెప్పులు విప్పి, వరండా గచ్చు మీద పాదాలు ఆనించి నిలబడి, "ఇల్లు సచ్చిపోయినట్టున్నది" అన్నాడు.

రెండు వారాలు గడిచాక ఒక మధ్యాహ్నం మూసి ఉన్న షెడ్ల వైపు నుంచి చప్పుడు మొదలైంది. టక్. కొంత సేపు ఏమీ లేదు. మళ్లీ టక్. కరెంటు తీసేసిన షెడ్డు, బయట తాళం. మర్నాడు కూడా వినిపించింది. కింది ఇంటావిడ పాలకు ఆ గల్లీలోంచి వెళ్లడం మానేసి చుట్టూ తిరిగి వెళ్లింది. పనుల్లేక నడుస్తూ ఊళ్లకు బయలుదేరి దారిలో పోయినవాళ్లు తిరిగొచ్చి మగ్గాలు నడుపుతున్నారని ఎవరో అన్నారు. ఆ మాట విని నేను బడిలో పిల్లలకు చెప్పే ధైర్యమంతా మరిచిపోయి కిటికీ మూసుకున్నాను.

పెద్దబాపుకు మాత్రం ఏమీ వినిపించదు. రెండో రోజు సాయంత్రం, ఎండ ఇంకా ఉండగానే, మేడ మీద ఆయనకు సంగతి చెప్పాను.

"ఎట్ల కొడ్తున్నది? చేత్తోని చూపెట్టు" అన్నాడు.

పిట్టగోడ మీద అరచేత్తో కొట్టి చూపించాను. ఆయన పక్కనే తన అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, ఆ దెబ్బలు చేతికి తగలనిచ్చాడు. కళ్లు తెరిచి, "మగ్గం గిట్ల కొట్టదు. మగ్గానికి ఆగుడు తెల్వది. గిది ఆగి ఆగి కొడ్తున్నది. మనిషి" అన్నాడు.

పానాల సంచీ తీసుకుని దిగాడు. వద్దని ఆపబోయి, ఆపలేక నేనూ వెంట వెళ్లాను. గల్లీలో పురుగు లేదు. గాలి గల్లీ పొడవునా తూర్పుకు వీస్తోంది, ఖాళీ ప్లాస్టిక్ సంచులు నేల మీద దొర్లుతున్నాయి. మేం వెళ్లేసరికి చప్పుడు లేదు. వరసగా ఆరు షట్టర్లు, అన్నీ ఒకేలా ఉన్నాయి. ఏ షెడ్డులోంచి వచ్చిందో నేను గుర్తుపట్టలేకపోయాను.

ఆయన దూరంగా నిలబడి పైపు వెలిగించాడు. మూత బిగించాడు, గట్టిగా ఉందో లేదో బొటనవేలితో నొక్కి చూశాడు. మొదటి షట్టరు దగ్గరికొచ్చి గొంతుక్కూర్చుని, పైపును కింది సందు దగ్గర పట్టుకున్నాడు. మూత బెజ్జాల్లోంచి పొగ దారపు పోగుల్లా సన్నగా లేచి, గాలితోపాటు తూర్పుకు పోయింది. రెండో షట్టరు దగ్గరా అంతే. నాలుగో షట్టరు దగ్గర ఆ పోగులు వంగాయి. గాలికి అడ్డంగా, నేలకు దిగి, ఒక్కొక్కటే షట్టరు కింది సందులోంచి లోపలికి వెళ్లిపోయాయి. లోపలెవరో నోటితో పీలుస్తున్నట్టే ఉంది.

పెద్దబాపు ముఖం పాలిపోయింది. "లోపల నిప్పున్నది. గాలిని గుంజుతున్నది" అన్నాడు. పైపు నేల మీద బోర్లించి, నిప్పును చెప్పుతో నలిపి, పానాతో తాళం మీద పడ్డాడు.

షట్టరు లేచేసరికి బొగ్గు పొగ ముఖాన కొట్టింది. ఇద్దరు ఒడియా పనివాళ్లు. గది యజమాని వెళ్లగొడితే షెడ్డు కాపలావాడు జాలిపడి లోపల ఉంచి, పోలీసులకు తెలియకుండా బయట తాళం వేశాడట. మూడు రోజులుగా ఆ కాపలావాడే తన గదిలో జ్వరంతో పడి ఉన్నాడు. తిండి తెచ్చేవాడు లేక, ఉన్న పిడికెడు బియ్యం బొగ్గుల కుంపటి మీద వండుకుంటున్నారు. ఒకతను స్పృహ లేకుండా పడి ఉన్నాడు. రెండో అతను మగ్గానికి ఆనుకుని కూర్చుని, చేతిలో ఇనుప కడ్డీ పట్టుకుని ఉన్నాడు. కాస్త ఊపిరి అందినప్పుడల్లా దాంతో మగ్గాన్ని కొడుతున్నాడు. కుంపటి పక్కన నూలు చెత్త అంటుకుని మంట లేకుండా కాలుతోంది. ఇంకో గంటైతే షెడ్డు మొత్తం పోయేది. ఇద్దరినీ బయటికి ఈడ్చాం. నేను బిందెతో నీళ్లు తెచ్చి ఆ చెత్త మీద పోశాను. అంబులెన్సు వచ్చింది. ఇద్దరూ బతికారు.

కూర్చుని ఉన్నతను బయట గోడకు ఆనుకుని, నీళ్లు తాగాక హిందీలో ఒక మాట అన్నాడు. వెనక మూలనున్న మగ్గం రెండు రోజులుగా నడుస్తోందట. అక్కడెవరో పనిచేస్తున్నారనుకుని, వాళ్లకు వినబడాలని తాను కొడుతూ ఉన్నాడట. బొగ్గు పొగ తలకెక్కితే లేని చప్పుళ్లు వినిపిస్తాయని అంబులెన్సులో వచ్చినతను నాతో అన్నాడు. పెద్దబాపు మాత్రం పనివాడి పెదాలు చదివాడు. లేచి లోపలికి వెళ్లాడు. వెనక మూల మగ్గం మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు అలాగే నిలబడ్డాడు. నేను పిలిచినా వినబడదు కదా, వెళ్లి భుజం తట్టాను.

"వెచ్చగున్నది" అన్నాడు.

రేకుల కప్పు కింద ఎండకు ఇనుము వేడెక్కి ఉంటుందన్నాను. ఆయన సరేనన్నట్టు తలూపాడు. నేను ఆ మగ్గాన్ని ముట్టుకోలేదు. ఇప్పటికీ ఆ సంగతి నన్ను పీడిస్తుంది.

మర్నాడు మేడ మీద ఆయన నాకు తమ్ముడి గురించి చెప్పాడు. ఇద్దరూ ఒకేసారి సూరత్ వచ్చారు, ఒకే షెడ్డులో పని. ఒక ఎండాకాలం మధ్యాహ్నం తమ్ముడు అన్నం తిని నూలు చెత్త పక్కన నిద్రపోయాడు. పెద్దబాపు తలుపు దగ్గర బీడీ తాగి, ముక్కను బయటికి విసిరి, తలుపు దగ్గరగా వేసి చాయ్‌కి వెళ్లాడు.

"నేను బయటికే ఇసిరిన బిడ్డా. గాలి దాన్ని మల్ల లోపటికి తెచ్చింది. నేనొచ్చెటాలకు తలుపు కింద గాలి లోపలికి పోతున్నది, నిన్న పోయినట్టే. తలుపు తీసిన. తీస్తే మంట ఇంత ఎత్తు లేసింది." చెయ్యి చూపించబోయి దించేశాడు. "అందరు షార్ట్ సర్క్యూట్ అన్నరు. నేను గూడ అన్న. ఇయ్యాల్టిదాంక గదే చెప్పిన."

తర్వాత ఇరవై ఏళ్లు ఆయన నిప్పు ముట్టలేదు. సంతలో పైపు చూసినప్పుడు, బీడీకి పెట్టలేని మూత దీనికి పెట్టొచ్చని తోచిందట. "నిన్న ఇద్దర్ని బతికించారు కద" అన్నాను.

"గా లెక్కకు ఈ లెక్క కాదు" అన్నాడు మెల్లగా.

ఇది రాయడానికి కూర్చునేముందు, ఈ సంగతి రాయనా అని పెద్దమ్మను అడిగాను. "రాయి బిడ్డా. ఆయన చెప్పలేక సచ్చిండు. ఇప్పుడన్న చెప్పని" అంది.

రెండో వేవ్‌కు ఊరు మళ్లీ మూగదైంది. ఈసారి చావులు మా మెట్ల దాకా వచ్చాయి. ఉదయం మేడ మీదికి వెళితే గచ్చు మీద సన్నటి బూడిద ఉండేది. అది శ్మశానాల నుంచి ఇంత దూరం రాదని కొందరన్నారు. నేను చీపురు తీస్తే పెద్దబాపు ఆపేవాడు. "ఎవలో ఏమో. చీపురు పెట్టకు" అని, చెంబుతో నీళ్లు పోసి కడిగేవాడు. ముందు ఒక చెంబు ఊరికే పోసి, కాసేపు నిలబడి, తర్వాత కడిగేవాడు.

ఆ నెలల్లో ఆయనను ఎక్కువ బాధపెట్టింది మాస్కు. ఊళ్లో అందరి పెదాలూ మూతబడ్డాయి. దుకాణంలో, బ్యాంకులో ఎవరేమంటున్నారో తెలియక నవ్వేసి వచ్చేసేవాడు. నేను మేడ మీద ఆ చివర నిలబడి, మాస్కు తీసి, రోజూ ఊరి కబుర్లు చెప్పేదాన్ని. మధ్యలో పది గజాల దూరం. నా నోటినే చూస్తూ ఉండేవాడు, దాహమైనవాడు చెంబు వైపు చూసినట్టు.

జ్వరం వచ్చి ఆస్పత్రికి తీసుకెళ్లేటప్పుడు, అక్కడ నోటికి ఆక్సిజన్ మాస్కు పెడితే ఆయన మాట కూడా బయటికి రాదని, బడి అట్టముక్కలు కత్తిరించి కార్డులు రాసిచ్చాను. ఒకవైపు తెలుగు, ఇంకోవైపు గుజరాతీ. నీళ్లు, నొప్పి, చలి, డాక్టర్, దుప్పటి, ఇల్లు, కిటికీ. అంబులెన్సు ఎక్కుతూ వాటిని పేకముక్కల్లా చేతిలో పరిచి చూసుకుని, "ఇగ నాకు మాటలొచ్చినయి" అన్నాడు. అది ఆయన నాతో అన్న చివరి మాట.

ఆయన సామాను తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు, నాకు ఫోన్ చేసిన ఆయా గేటు దగ్గర కలిసింది. కార్డులు బాగా పనికొచ్చాయని, నర్సులు కూడా వాటితోనే మాట్లాడారని చెప్పింది. కాని ఆఖరి రెండు రోజులు ఒకటే కార్డు చూపించాడట. కిటికీ. మూయమని చేత్తో సైగ చేశాడట.

"చలేసిందేమో" అన్నాను.

ఆమె మాస్కు మీది కళ్లతో నన్ను చూసింది. "బెహెన్, ఉస్ వార్డ్ మే ఖిడికీ హీ నహీ" అంది. ఆ వార్డులో కిటికీయే లేదట. రెండో రోజు ఆయన చూపించిన మూల గోడ దగ్గరికి ఆమె వెళ్లి, రెక్క మూసినట్టు చేతులు కదిపి, గడియ వేసినట్టు నటించిందట. అప్పుడాయన కార్డు దించి, ఆమెకు దణ్ణం పెట్టి పడుకున్నాడట. ఆమె పేరు కూడా నేను అడగలేదు. ఆమె రుణం నేను తీర్చుకోలేను.

పదో రోజు పెద్దమ్మ ఆయన చొక్కాలన్నీ ఉతికింది. ఎవరికైనా ఇచ్చేద్దామంది. మేడ మీద తీగె మీద ఇద్దరం ఆరేశాం. కిందికి వెళదామనుకుంటుండగా గాలి లేచింది. నీలం గళ్ల చొక్కా ముందుగా నిండింది. ఛాతీ పొంగింది, భుజాలు వచ్చాయి, చేతులు పక్కలకు లేచాయి. నేను పట్టుకోవడానికి అడుగు వేస్తే పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది. మాస్కు గడ్డం కిందికి లాక్కుని, ఆ చొక్కాకు ఎదురుగా, వెలుతురు తన ముఖం మీద పడేట్టు నిలబడింది. చప్పుడు చేయకుండా, పెదాలతో మాత్రమే, ఏదో చెప్పడం మొదలుపెట్టింది. నేను పక్కనుంచి చూడకుండా తల తిప్పుకున్నాను. గాలి చాలాసేపు ఆగలేదు.