చొక్కా మంట

ఆ ఫోటో ఎవరు చూసినా స్లాగ్ అనే అంటారు. భిలాయిలో పుట్టి పెరిగినవాళ్లకి ఆకాశం అడుగున ఎరుపు కనిపిస్తే ఇంకో అర్థం తట్టదు. మా ఉక్కు ప్లాంటులో ఇనుము కరిగాక పైన తేలే మడ్డిని పెద్ద పెద్ద కుండల్లో నింపి, రైలింజనుతో లాక్కుపోయి, ఊరి చివర గట్టు మీంచి కుమ్మరిస్తారు. ఆ కాసేపూ ఆకాశం ఎర్రగా వెలిగి మెల్లగా చల్లారుతుంది. ఇప్పుడు తగ్గింది గానీ మా చిన్నప్పుడు రోజూ ఉండేది. పై ఊళ్లనించి వచ్చిన చుట్టాలు ఎక్కడో నిప్పంటుకుందని హడలిపోయేవారు. మేం వాళ్లని చూసి నవ్వేవాళ్లం.

ఆ ఇంజను నడిపేది మా నాన్న. అందుకని మా ఇంట్లో ఆ ఎరుపుకి ఇంకో అర్థం కూడా ఉండేది. సెక్టర్ 7 క్వార్టరు వెనక గుమ్మంలో నిలబడి అమ్మ అనేది: "అదిగో, మీ నాన్న పోసేసినాడు. ఇంకేటి, వచ్చెత్తాడు." వెంటనే ఎసరు పెట్టేది. ఎర్రబడిందంటే నాన్న బాగున్నాడు, డ్యూటీ అయిపోవచ్చింది, అన్నం ఉడుకుతోంది. నలభై దాటినా నా ఒంట్లో ఆ లెక్క అలాగే ఉండిపోయింది. ఆ వెలుగు చూస్తే నాకు మొన్నమొన్నటిదాకా ఆకలి వేసేది.

నేను ఆఫీసులో ఫైళ్ల మధ్య బతికేదాన్ని. కెమెరా నా పిచ్చి. మనుషుల ఫోటోలు మాత్రం తియ్యను. మనుషులు కదులుతారు, పళ్లికిలిస్తారు, తర్వాత ఫోటో పంపమని ప్రాణం తీస్తారు. కొండలూ నీళ్లూ అయితే నోరు మూసుకుని ఉన్నచోట ఉంటాయి. అమ్మ పోయిన రెండో ఏడు, జనవరిలో, అండమాన్ దీవుల ఫోటోలు తియ్యాలని వారం సెలవు పెట్టాను. నాన్నని ఒక్కణ్ణీ వదల్లేక వెంట తీసుకెళ్లాను. శ్రీకాకుళం సముద్రపొడ్డున పుట్టి బతుకంతా నిప్పు పక్కన గడిపిన మనిషి, కాస్త నీళ్లు చూస్తాడు అని అందరికీ చెప్పాను. సామాను కాపలాకి పనికొస్తాడని కూడా అనుకున్నాను, అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మొదటి దీవిలోనే నాకు ఏదోలా అనిపించింది. సునామీకి అక్కడ నేల కుంగిపోయిందట. ఒకప్పటి అడవి ఇప్పుడు సముద్రంలో నిలబడి ఉంది. ఆకు లేదు, బెరడు లేదు. తెల్లటి మానులు మోకాలి లోతు నీళ్లలో, ఎవరో రమ్మని చెప్పి మర్చిపోయినట్టు, ఊరికే నిలబడ్డాయి. వాటి మీద ఒక్క పిట్ట కూడా వాలలేదు. ఫోటోలు మాత్రం బ్రహ్మాండంగా వచ్చాయి.

మర్నాడు పొద్దున్న చూస్తే నాన్న కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏటి నాన్నా, నిద్ర పట్టలేదా?"

"రొద లేదమ్మీ" అన్నాడు. ప్లాంటు రొద మాకు వినిపించదు, అది ఎప్పుడూ ఉంటుంది కాబట్టి. "రొద ఆగిందంటే లోపల ఏదో అయినట్టే గదా. రాత్రంతా అదే సూత్తా కూకున్నాను."

నవ్వేశాను గానీ, ఆ మాట చెవిన పడ్డాక ఆ నిశ్శబ్దం నన్ను కూడా పట్టుకుంది. రెండో దీవిలో ఇంకా గట్టిగా పట్టుకుంది. అక్కడ ఇసక నిండా గవ్వలు నడుస్తుంటాయి. లోపల చిన్న ఎండ్రకాయలు ఉంటాయని తెలుసు. తెలిసి కూడా, నేను అడుగు వెయ్యగానే అన్ని వందల గవ్వలూ ఒక్కసారి ఆగిపోతే, నేను ఆగగానే మళ్లీ కదిలితే, వీపు మీద చల్లగా అనిపించింది. నాన్నని పిలిచి పక్కన నిలబెట్టుకున్నాను. ఐదు నిమిషాల్లో మళ్లీ తరిమేశాను.

ఎందుకు తరిమానో చెప్పాలి. నేను లెన్సుకి నల్లద్దం తగిలించి, షట్టరు రెండు మూడు నిమిషాలు తెరిచి ఉంచుతాను. అలలన్నీ కలిసిపోయి నీళ్లు పొగలా పరుచుకుంటాయి. అందులో కదలనివే పడతాయి. నడిచిపోయే మనిషి అసలు పడడు. కాస్త తారట్లాడాడా, ఆ చోట మసక మరక మిగులుతుంది. నాన్న కెమెరా ముందునించి నడిచి వెళ్లిన ఫోటో ఒకటి ఆయనకే చూపించాను. ఆయన తెర మీద వేలితో రాసి చూశాడు.

"నానేడి?"

"నువ్వు ఆగలేదు కదా. అందుకే లేవు."

ఆ తర్వాత ఆయన దూరం దూరంగా ఉండడం మొదలుపెట్టాడు. అయినా నాకు సరిపోయేది కాదు. "నాన్నా, ఫ్రేములోంచి తప్పుకో" అని ఆ వారంలో వందసార్లు అని ఉంటాను. ఆయన తప్పుకునేవాడు. ఇంకా పడుతున్నానేమో అని ఇంకొంచెం తప్పుకునేవాడు.

మూడో దీవిలో ఒడ్డుకి అర కిలోమీటరు దూరంలో నల్లటి పెద్ద రాయి ఒకటుంది, పది కొబ్బరిచెట్లు మొలిచేంత. నాలుగైదు మొలిచాయి కూడా. పోటు లేనప్పుడు అక్కడిదాకా ఇసక దారి తేలుతుంది. ఆ సాయంత్రం నాకు కావలసినవన్నీ కుదిరాయి. మబ్బు కుదిరింది, గాలి కుదిరింది. సరిగ్గా అప్పుడే నాన్న వచ్చి రాయికీ నాకూ మధ్య నిలబడ్డాడు.

"నాన్నా, నాకు కనపడనంత దూరం పో" అన్నాను. నా నోటికి అడ్డూ ఆపూ లేదని అమ్మ ఊరికే అనేది కాదు.

"సరే అమ్మీ. టీ తాగొత్తాను" అన్నాడు.

నా వెనక కొబ్బరితోటలో టీ పాక ఉంది, అక్కడికే వెళ్లాడనుకున్నాను. వెళ్లలేదు. నేను సంచీలో తల దూర్చి అద్దాలు మార్చుకుంటుంటే, ఇసక దారి పట్టుకుని ఆ రాయి వెనక్కి వెళ్లాడు. డాక్టరు మానమన్న బీడీ ఆయన మానలేదు, లైటరు జేబులోనే ఉంది. నా కంటపడకుండా కాల్చుకోడానికి ఆ రాయి చాటు బాగుందనుకున్నాడు. వాచీ చూసుకున్నాడట కూడా. ఐదుకి పది నిమిషాలు తక్కువ. భిలాయిలో ఆ టైముకి ఇంకా గంట వెలుగు ఉంటుంది. అక్కడ వాచీలో టైము మనదే గానీ సూర్యుడు మనవాడు కాదు. ఐదుంబావుకి మునిగిపోయాడు. ఆ వెంటే పోటు కూడా మొదలైంది.

నేను తలకి కట్టుకునే లైటు వెలిగించి ట్రైపాడ్‌కి తగిలించాను, నాన్న టీ తాగి వచ్చేటప్పుడు వెతుక్కోకుండా. అది చేసిన కాసేపటికి రాయి వెనక ఎర్రబడింది.

మంట కనపడలేదు. ఎరుపే కనపడింది. మా క్వార్టర్ల వరస వెనకనించి ఎలా కనిపించేదో అలాగే, అడుగున చిక్కగా, పైకి పోయేకొద్దీ పలచగా. నాకు భయం వెయ్యలేదు. ఇప్పటికీ నాకు మింగుడుపడని సంగతి అదే. నాన్న పోసేశాడు అనుకున్నాను. మనసు కూడా కాదు, ఒళ్లు అనుకుంది. సముద్రం నడుమ స్లాగ్ ఏమిటి అని ఒక్క క్షణం తట్టలేదు. నిజంగానే ఆకలేసింది. హాయిగా షట్టరు తెరిచాను. ఎరుపు తగ్గింది, మళ్లీ లేచింది. రెండోది తీశాను. మూడోసారి లేచినప్పుడు అందులో నల్లటి పొగ చార కలిసింది. ఇది అన్నిటికంటే బాగుంది అనుకున్నాను.

అప్పుడు చీకట్లోంచి మోటారు చప్పుడు వచ్చింది. చిన్న చేపల పడవ. అందులో ఒంటి మీద చొక్కా లేకుండా, రొమ్ముదాకా తడిసి, మా నాన్న కూర్చున్నాడు.

పడవాయన ముసలాయనే. ఆయన తాతలు కూడా శ్రీకాకుళం వైపునించి వచ్చినవాళ్లే, మాట వినగానే తెలిసింది. "మీ నాన్నేనా అమ్మా?" అన్నాడు. "వల తియ్యడానికి పోతన్నాను. రాయికాడ మంట కనపడినాది. మంటుందంటే మనిషున్నట్టే గదా అని తిప్పినాను."

నాన్న దిగి నా మణికట్టు పట్టుకున్నాడు. చెయ్యి మంచులా ఉంది. ముఖం మాత్రం వెలిగిపోతోంది. "నీ లైటు కనబడినాది అమ్మీ. ఇంక బయమేటి? నువ్వు సూసీసినావు, పడవ పంపుతావు అని కూకున్నాను. ఎండు కొబ్బరాకులైపోతే ఆకరికి సొక్కా కూడా ఏసీసినాను."

నీళ్లు మోకాళ్లలోతు ఉన్నప్పుడే నడిచి వచ్చేద్దామని దిగాడట. నా లైటు చూసి, అమ్మి తన కోసమే పెట్టింది, చూస్తోంది కదా అని, మళ్లీ రాయెక్కి, గాలికి ఆరకుండా చాటున మంట వేశాడట.

పడవాయన నా వైపు చూశాడు. కెమెరా వైపు చూశాడు. ఆయన ఒక్క మాట అన్నా బాగుండేది. అనలేదు. నేను లైటు ఆర్పి ట్రైపాడ్ మడిచాను.

భిలాయి వచ్చాక నాన్న ఆ కథ చెప్పని మనిషి లేడు. సెక్టర్ 4 గ్రౌండులో తనతో వాకింగు చేసే రిటైరైనవాళ్లకి చెప్పాడు, పాలవాడికి హిందీలో చెప్పాడు, ఊరికి ఫోన్ చేసి చెప్పాడు. "మా అమ్మి మంట సూసి పడవ పంపినాది. నేకపోతే అయిపోదును." విన్నవాళ్లు నన్ను మెచ్చుకునేవారు. నేను వంటింట్లోకి పోయి కుళాయి తిప్పేదాన్ని. చెబితే ఆయన ఏమైపోతాడో అని భయం. నా మీద నమ్మకం ఒక్కటే ఆయన్ని ఆ రాయి మీద కూర్చోబెట్టింది. అది పోతే ఈ ఇంట్లో ఆయన ఎవరితో ఉన్నానని అనుకోవాలి? ఆ మూడు ఫోటోలూ చెరిపెయ్యాలని చాలాసార్లు కూర్చున్నాను. చెయ్యి రాలేదు. అవి నిజంగా బాగున్నాయి, సిగ్గులేకుండా చెబుతున్నాను.

మొన్న దీవుల ఫోటోలు పన్నెండు ఎంచి, సుపేలా బజారులో స్టూడియో భయ్యాకి మెమరీ కార్డు ఇచ్చాను. ప్రింట్లు తెమ్మని నాన్నని పంపాను. ఆయన కవరు తెచ్చి, భోజనాల బల్ల మీద ఒక్కోటీ తీసి పెట్టాడు. పన్నెండూ అయ్యాక, అన్నిటికంటే పెద్దది ఇంకోటి తీశాడు.

"ఇది ఊరికే ఇచ్చినాడు. కార్డులో కనపడినాదట. మన భిలాయి స్లాగ్ ఇంత బాగా ఎవులూ తియ్యలేదని దీదీకి చెప్పండి అన్నాడు." చెబుతూనే ఫోటో తనవైపు తిప్పుకున్నాడు.

మూడోది అది. నల్లటి రాయి, దాని వెనక ఎరుపు, ఎరుపులో నల్లటి చార. రాయి చుట్టూ నీళ్లు పొగలా, కదలకుండా. ఆ ఎరుపు దగ్గర ఎక్కడో, రెండు నిమిషాలు ఒక్క చోట ఆగని మనిషి ఒకడు ఉన్నాడు. ఫోటోలో మాత్రం లేడు.

నాన్న కళ్లజోడు పెట్టుకుని చూశాడు. వేలు ఎరుపు మీద పెట్టాడు, తర్వాత నల్ల చార మీదికి జరిపాడు. రెండో చేత్తో, తెలియకుండానే, ఒంటి మీది చొక్కా గుండీ పట్టుకున్నాడు. సర్వీసంతా స్లాగ్ పోసిన మనిషి. ఏ మంట దేనిదో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

"ఏటమ్మీ ఇది?" అన్నాడు.

"స్లాగ్ నాన్నా" అన్నాను. ఊళ్లో ఎవరైనా అదే అంటారు కదా, నా అబద్ధానికి ఊరంత సాక్ష్యం ఉంది.

దాన్ని మిగతావాటి పక్కన పెట్టాడు. "ఆఁ. స్లాగే" అన్నాడు. కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకోకుండా జేబులో వేసుకున్నాడు.

ఆ ఆదివారం మా మేనత్త వచ్చింది. ఆ కథ మళ్లీ చెప్పమని ఆవిడే అడిగింది. నేను కుళాయి దగ్గరికి పోబోతూ గుమ్మంలో ఆగిపోయాను.

"సెప్పడానికేటుంది" అన్నాడు నాన్న. "పడవోడు మంట సూసి వచ్చినాడు. మా అమ్మి మొదట్నుంచీ సూత్తానే ఉంది."

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. మేనత్త నా తల నిమిరింది. నాన్న నా వైపు చూడలేదు.

ఇప్పుడు సాయంత్రం ఎప్పుడైనా ప్లాంటు వైపు ఎర్రబడితే నాకు ఆకలి వెయ్యడం లేదు. చేతిలో పని వదిలేసి ముందుగదిలోకి వెళతాను. నాన్న లైటు వెయ్యకుండా కుర్చీలో కూర్చుని ఉంటాడు. నేను నోరు తెరవకముందే చీకట్లోంచి అంటాడు:

"ఇక్కడే ఉన్నానమ్మీ. కదల్లేదు."