తెల్లపళ్ల మేడమ్

ఆ రోజుల్లో మా పావగడ తాలూకాలో వానలకు కరువు గానీ సలహాలకు కరువు లేదు. వేరుశనగ ఎండినా బావులు ఎండినా, ఎవరో ఒకరు వచ్చి ఏదో ఒకటి బోధించి పోయేవారు. అలా బోధించేవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఆరోగ్య కార్యకర్తగా కొత్త ఉద్యోగం, భుజాన సంచి, సంచిలో పళ్లు తోముకుంటున్న కుందేలు పటం (చిన్నపిల్లల కోసం గీసింది, నాకిచ్చింది అదొక్కటే). అన్నిటికన్నా ముఖ్యంగా నా తెల్లటి పలువరుస. అది నా క్రమశిక్షణతో వచ్చిందని నాకు గట్టి నమ్మకం.

నాగలమడిక పక్క ఒక హైస్కూల్లో తొమ్మిదో తరగతికి ఆ కుందేలును చూపించాను. నూనూగు మీసాల పిల్లలు, ఓణీల పిల్లలు దాన్ని మర్యాదగా చూశారు. నవ్వించబోతే అందరి చేతులూ నోళ్లకు అడ్డం వెళ్లాయి. ఆ చేతుల సందుల్లోంచి గోధుమరంగు చారల పళ్లు కనిపించాయి. బద్ధకం, సరిగ్గా తోముకోరు అనుకున్నాను. గట్టిగా తోమండి, వచ్చే నెల తెల్లపళ్లకు బహుమతి ఇస్తానని చెప్పి హుషారుగా బస్సెక్కాను.

నెల తర్వాత ఆ బహుమతి (మూత ఉన్న సబ్బుపెట్టె) గొర్రెలు కాసుకుంటూ అప్పుడప్పుడూ బడికొచ్చే ఒక పిల్లవాడికి వచ్చింది. నీ పద్ధతేమిటో అందరికీ చెప్పు నాయనా అని ముందుకు పిలిచాను. వాడు నిజం చెప్పాడు.

"నేను తోమనే తోమను మేడమ్. మేము చిన్నప్పటినుంచీ యేట్లో ఇసుక తోడుకోని చెలమ నీళ్లే తాగేది. బోరు నీళ్లు తాగం."

తరగతంతా చేతులడ్డం పెట్టుకుని నవ్వింది. ముందు బెంచీ అమ్మాయి మాత్రం నవ్వలేదు. లేచి నిలబడి నోరు తెరిచింది. చిగుళ్లు చీరుకుపోయి ఉన్నాయి, మరక మాత్రం అట్లాగే ఉంది. "మీరు చెప్పినారని నెలంతా ఇటికెపొడితో తోమినా మేడమ్. నెత్తురొచ్చినా నిలపలేదు," అంది. నాకు తలెత్తడానికి సిగ్గేసింది.

మా ఆరోగ్య కేంద్రం డాక్టరుగారిని అడిగితే కాగితాల్లోంచి తల ఎత్తకుండానే చెప్పారు: ఇక్కడి లోతు బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, ఆ నీళ్లతో పెరిగిన పళ్లకు మరక లోపలే పడుతుంది, ఎంత తోమినా పోదు. నా చిన్నతనంలో మా ఊళ్లో బోరు లేదు, చేదబావి ఉండేది. నా క్రమశిక్షణంతా ఆ బావిదేనన్నమాట!

మూడోసారి కుందేలును ఇంట్లోనే వదిలి వెళ్లాను. అది మురికి కాదు, మీ తప్పు కాదు, ఇటుకపొడి ముట్టుకోకండి, మామూలుగా తోముకుంటే చాలు అని చెప్పాను. ఆ అమ్మాయి నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి తీసింది.

"అట్లయితే ఇంగ ఏ నీళ్లు తాగాల మేడమ్?"

అప్పటికే ఎండలు ముదిరి యేట్లో చెలమలు కూడా ఎండిపోయాయి. ఊరంతటికీ మిగిలింది ఆ ఒక్క బోరే. ఆ ప్రశ్నకు చూపించే పటమేదీ నా సంచిలో లేదు. ఆ పిల్ల కూర్చుంది.

ఇప్పుడు నావి పెట్టుడు పళ్లు, ఇంకా తెల్లగా ఉన్నాయి. సంచి తగిలించుకుని, గట్టిగా తోమండని చెప్పి హుషారుగా బస్సెక్కిన ఆ తెల్లపళ్ల మేడమ్‌ను తలచుకుంటే నవ్వొస్తుంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వుతాను.