ఉప్పాడ నీళ్ళలో గోడ

మా బావమరిదికి ఏ సరదా పుట్టినా ముందు సామాను వస్తుంది, తెలివి తర్వాత వస్తుంది. చాలాసార్లు రాదు కూడా. నిరుడు ఫాయిల్ సర్ఫింగ్ పిచ్చి పట్టింది. బోర్డు కింద నిలువుగా ఓ కడ్డీ, దాని చివర లోహపు రెక్క. వేగం అందుకుంటే బోర్డు మనిషితో సహా నీళ్ళ మీదికి లేస్తుందట. ఆ రెక్క అంచు మాత్రం కత్తిపీటలా ఉంది.

తమ్ముణ్ణి ఒంటి మీద గీత పడకుండా తీసుకురమ్మని మా ఆవిడ నన్ను కూడా ఉప్పాడ పంపింది. ఒడ్డున వాడు కొత్త బండికి చేసినట్టే బోర్డుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. హెల్మెట్‌కీ బొట్టు పెట్టాడు గానీ నెత్తిన పెట్టుకోడట, ఫోటోల్లో మొహం కనపడదట. దేవుడికి ఇంత పని అప్పజెప్పేవాడు తన వంతుగా ఒక్క బకిల్ బిగించుకోలేడా? తిట్టి, దగ్గరుండి పెట్టించాను. పడితే బోర్డుకి దూరంగా పడాలని, పైకి తేలేటప్పుడు చేతులు తలకి అడ్డం పెట్టుకోవాలని మూడు వీడియోల పాండిత్యంతో నాకే పాఠం చెప్పాడు. అక్కడ నీళ్ళ అడుగున ఏముందో మాత్రం ఎవరినీ అడగలేదు.

అలలు తక్కువున్న చోటు చూసుకుని బయల్దేరాడు. ఎండుచేపలు తిరగేస్తున్న ముసలావిడ ఆపింది.

"అటెళ్ళకండి బాబూ. అక్కడ మా ఇల్లుందండి."

సముద్రానికి కూడా పట్టాలిచ్చారా అన్నాడు వాడు. నేనూ నవ్వాను. ఉప్పాడలో ఇళ్ళు సముద్రంలో కలిసిపోతున్నాయని ఏటా పేపర్లో చదివే పెద్దమనిషిని నేను. చదివి ఏం లాభం?

మూడోసారికి బోర్డు లేచింది. పది గజాలు పోయి టక్కున ఆగిపోయింది. వాడు ఎగిరి అవతల పడ్డాడు, పైకి రాలేదు. నడుంలోతు నీళ్ళలో పరిగెత్తలేక నా పైప్రాణాలు పైనే పోయాయి. పడవ దగ్గరున్న ఇద్దరు దూకి లాక్కొచ్చారు. గడ్డం చీరుకుపోయింది. హెల్మెట్ నిలువునా పగిలింది.

ఇసుకలో పడుకుని, ఊపిరి అందగానే, ఏదో వెధవ రాయి తగిలిందని విసుక్కున్నాడు. ముసలావిడ వంగి వాడి గడ్డం చూసింది, తర్వాత నీళ్ళకేసి చూసింది.

"రాయి కాదు బాబూ, మా వంటింటి గోడండి. ఎప్పుడో పడిపోయుంటాదనుకున్నాను."

ఆవిడ మొహంలో సంతోషం చూసి నేను తలెత్తుకోలేకపోయాను.