మోదుగుపూల సాక్ష్యం

మా స్టూడియో అక్క ఇక లేదని గత సోమవారం ఉదయం ఆమె తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. "పొద్దుగాల ప్రార్థన చేసుకొని కూసుందమ్మా, గట్లనే ఒరిగింది" అన్నాడు. స్టవ్ ఆర్పేసి వాళ్లింటికి బయల్దేరాను.

శంషాబాద్ బజారులో ముప్పై ఏళ్లు పాస్‌పోర్టు ఫోటోలు తీసిన మనిషి ఆమె. మీరు ఈ చుట్టుపక్కల వాళ్లయితే మీ పాత దరఖాస్తుల మీద ఆమె తీసిన ఫోటో ఉండే ఉంటుంది. శనివారాలు మాత్రం దుకాణం మూసేసి, గుట్టలెక్కి రాళ్లనీ ఎండనీ పొగమంచునీ ఫోటోలు తీసేది. మాలాంటి ఐదారుగురు ఆడవాళ్లకు ఆ పని నేర్పింది.

నేను ఆమెను కలిసేనాటికి గుంటూరు నుంచి వచ్చి ఎనిమిది నెలలు. మా ఆయనకు విమానాశ్రయంలో షిఫ్టుల ఉద్యోగం. నా మాట తీరు విని దుకాణాల్లో నవ్వేవారు. దాంతో మాట్లాడటమే తగ్గించేశాను. ఏదో దరఖాస్తుకు ఫోటో దిగడానికి వెళ్తే, అక్క కెమెరా వెనక నుంచి తల బయటపెట్టి, "చెల్లె, నవ్వొద్దన్న గాని ఏడ్వమనలే గద! ఏమైంది?" అంది. ఏమీ లేదన్నాను. కళ్లు మాట వినలేదు. ఫోటో సంగతి పక్కనపెట్టి చాయ్ తెప్పించింది. వెళ్లేటప్పుడు, "శనివారం పొద్దుగాల రా. చెప్పులు గాదు, బూట్లు ఏసుకో" అంది. ఎక్కడికో చెప్పనేలేదు.

ఆ శనివారం సాతంరాయి ఊరు దాటాక ఒక గుట్ట ఎక్కించింది. ఎప్పుడు వెళ్లినా పైకి చేరగానే కెమెరా తీయనిచ్చేది కాదు. కుచ్చిళ్లు ఎగదోపి బండ మీద కూర్చుని, సంచిలోంచి జామకాయలు, ఉప్పూకారం పొట్లం తీసేది. మేమేమో గుట్ట మీదుగా విమానం వస్తే తీయాలని ఎగబడేవాళ్లం. "విమానం రేపు గూడ వస్తది. ఈ వెలుతురు రాదు" అనేది. ఎంత బాగా తీసినా మెచ్చుకోలు మాత్రం ఒక్క ముక్కే: "మంచిగుంది. ఇగ జర మోకాళ్ల మీద కూసొని మల్ల తియ్యి."

ఆ గుట్ట మీద రాతి గుంటలో నీళ్లు నిలిచేవి. మేకల వాళ్లు మందను అక్కడికే తోలుకొచ్చేవారు. వెళ్లిన ప్రతిసారీ ఒకే బండ మీద నిలబడి ఆ గుంటను తీసేది అక్క. "మళ్లీ అదే ఫోటో ఎందుకక్కా?" అన్నానొకసారి. "అదే ఎట్లయితది? నిరుడు గీ పొద నీ మోకాలంత ఉండె" అంది.

రెండేళ్ల క్రితం ఆ గుట్టను క్వారీకి ఇవ్వబోతున్నారని తెలిసింది. అక్కడ ఉత్త రాయే గానీ నీటి చుక్క లేదని కాగితాల్లో రాశారట. అక్క దగ్గర పదకొండేళ్ల ఫోటోలున్నాయి. కానీ ఆమె కిరాయికి దుకాణం నడిపే మడిగె, క్వారీ అడుగుతున్నవారి బంధువులది. ఫోటోలు బయటపెడితే మడిగె ఖాళీ చేయాల్సి వస్తుందని వాళ్లు ముందే చెప్పి వెళ్లారు. ఆ తర్వాత ఐదో రోజు అక్క ఆల్బములు సంచిలో వేసుకుని మా ఇంటికొచ్చింది.

"భయమైతుంది చెల్లె. గాని మేకలోళ్లు ఏడికి పోవాలె? నాకు ఆఫీసుల మాట రాదు. నీ తెలుగు పుస్తకం తీరుంటది. అర్జీ నువ్వు చదువు."

నేను దాచుకుంటూ వచ్చిన మాట తీరే ఆమెకు కావాల్సి వచ్చింది.

ఊరివాళ్ల అభ్యంతరాలు వినే రోజున అర్జీ నేనే చదివాను. అధికారి ఫోటోలు తిరగేసి, "ఇవి వానాకాలం నీళ్లు కదమ్మా" అన్నాడు. అక్క లేచి వెళ్లి ఒక ఫోటో మీద వేలు పెట్టింది. గుంటలో మేకలు నీళ్లు తాగుతున్నాయి. వాటి వెనక చెట్టు నిండా ఎర్రగా పూలు.

"మోదుగుపూలు వానకాలంల పూస్తయా సారూ?"

మేకల వాళ్లలో ఒకామె పకపకా నవ్వింది. అధికారీ నవ్వాడు. ఆ వారమే ఆయన స్వయంగా గుట్టెక్కి చూశాడు. క్వారీ రాలేదు.

మడిగె మాత్రం పోయింది. సామాను సర్దుతుంటే నాకు ఏడుపొచ్చింది. అక్క గోడకున్న నీలం పరదా విప్పుతూ, "పరేషాన్ గాకు. ఇంటి ముందటి అర్ర ఖాళీగనే ఉంది గద" అంది. ఆ ముందు గదిలోనే స్టూడియో మళ్లీ మొదలైంది. గుట్టలెక్కడానికి మరో నలుగురు వచ్చి చేరింది కూడా అక్కడే. ఇప్పుడు దుకాణంలో ఎవరైనా నా మాట విని నవ్వితే, నేనూ నవ్వి ఇంకో రెండు మాటలు ఎక్కువే మాట్లాడుతున్నాను.

సమాధుల తోటలో ఆమెకు మట్టి వేసి వచ్చాక, మొన్న శనివారం తొమ్మిదిమందిమీ అదే గుట్ట ఎక్కాం. కాసేపటికి హిమాయత్ సాగర్ వైపు నుంచి తొలి వాన కదిలింది. కెమెరాలను కొంగుల్లో, చున్నీల్లో చుట్టుకున్నాం. ఎవరూ కిందికి దిగలేదు. ఎదురుగా బూడిదరంగు బండలు ఒకటి తర్వాత ఒకటి తడిసి నల్లబడుతూ, వాన మెల్లగా మా కాళ్ల దాకా వచ్చింది.