డబ్బాల దావత్‌లో ఉలవ గుగ్గిళ్ళు

ఇరవై రెండేళ్లుగా నా కుడి భుజాన్ని కిందికి లాగేస్తున్న టికెట్ల సంచీ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో ప్రతి మాటా నిజం. నన్ను ఎరిగినవాళ్లు ఇక్కడే నవ్వుతారు. నవ్వనివ్వండి. కథలు అల్లే ఓపిక ఈమధ్య నాకూ తగ్గింది.

నేను సిటీ బస్సు కండక్టర్ని. ఇల్లు కిషన్‌బాగ్‌లో. మా బండి పురానాపూల్ దాటి చార్మినార్ వైపు పోతుంది. నడిచినవాడు ముందు చేరతాడు, బస్సు తర్వాత చేరుతుంది. ఆటోలు, తోపుడు బండ్లు, పెళ్లి బట్టల మూటలతో అడ్డం పడే స్కూటర్లు. ఆడవాళ్లకు టికెట్ ఉచితమయ్యాక బండిలో కాలు పెట్టే చోటు లేదు. రోజంతా సున్నా టికెట్లు కొట్టి కొట్టి బొటనవేలు మొద్దుబారిపోతుంది. ఇంటికి పోయాక మోకాళ్లు నావి కావన్నట్టు ఉంటాయి.

ఆ ఇరవై రెండేళ్లలో సగం ఒకే డ్రైవర్‌తో గడిచింది. నాకంటే ఆరేళ్లు పెద్ద. అన్న అంటాను. ఆయన మాట్లాడడు, నేను ఆగను. బండి ఎక్కడన్నా ఇరుక్కుంటే ఇంజన్ ఆపి, "ఏదన్న చెప్పు" అంటాడు. చెప్పేవాణ్ణి. మూసీలో మొసలి పాస్ చూపించి బస్సెక్కిందని, ఎక్కేటప్పుడు తోకకు వేరే టికెట్ అడిగితే అలిగి దిగిపోయిందని. ఆయన నవ్వేవాడు కాదు. చివరిదాకా విని గేరు మార్చేవాడు. ఆయన నా కథలు నమ్ముతాడని గానీ, నమ్మడని గానీ నేనెప్పుడూ ఆలోచించలేదు.

నిరుడు మెడికల్ పరీక్షలో ఆయనకు షుగర్ బాగా ఎక్కువగా ఉందని తేలింది. గోలీలు రాసిచ్చి, మూడు నెలల్లో మళ్లీ రమ్మన్నారు. అప్పటికీ దిగకపోతే స్టీరింగ్ మీద కూర్చోనివ్వరు. సర్వీసు ఇంకా మూడేళ్లుంది. ఆ రోజు చార్మినార్ చేరేదాకా ఆయన కథ అడగలేదు. దిగేముందు మాత్రం, "బండి దిగితే డిపో గేట్ కాడ కూసొని వచ్చేపోయే బండ్లు చూడాల్నా?" అన్నాడు. నన్ను అడగలేదు, అద్దాన్ని అడిగాడు.

మా డిపోలో నెలకోసారి డబ్బాల దావత్ ఉంటుంది. రెస్టు రూములో పాత పేపర్లు పరిచి, తలా ఒక వంట తెచ్చి, అందరివీ అందరూ తింటారు. దాన్ని నడిపించేది ఒక సీనియర్ లేడీ కండక్టర్. మాకందరికీ అక్క. అంతకు ముందు దావత్ అంటే బగారన్నం, మిర్చీ కా సాలన్, డబుల్ కా మీఠా. అన్న షుగర్ సంగతి తెలిశాక అక్క కొత్త హుకుం జారీ చేసింది. ఆయన తినలేనిది ఎవరూ తేవొద్దు. ఒకరిద్దరు గొణిగారు. ఆయనకు వేరే తెద్దాం అన్నారు.

"ఆయనొక్కడు మూలకు కూసొని దోసకాయ నమిల్తే నీకు బుక్క దిగుతదా?" అంది అక్క.

మొదటి నెల అందరం మొలకెత్తిన పెసలే తెచ్చాం. షుగర్ అనగానే అందరికీ గుర్తొచ్చింది అదొక్కటే. తొమ్మిది డబ్బాలు తెరిస్తే తొమ్మిదింట్లోనూ తోకలు. విత్తనాల దుకాణంలో కూర్చున్నట్టుంది. దాంతో రెండో నెలకు అక్క వంటలు పంచింది. ఒకరికి జొన్న రొట్టె, ఒకరికి గంగవాయిలి కూర పప్పు, ఒకరికి కొర్రల కిచిడీ, ఒకరికి నూనె తక్కువ కాకరకాయ, ఒకరికి నీళ్ల మజ్జిగ. నాకు ఉలవ గుగ్గిళ్ళు.

రాత్రంతా నానబెట్టినా, కుక్కర్ ఎన్ని కూతలు కూసినా మా ఇంట్లో ఆ ఉలవలు మెత్తబడలేదు. నా భార్య ఉల్లిపాయ వేసి, నిమ్మకాయ పిండి, "గింతకంటే నాతోని కాదు" అని మూత పెట్టింది. దావత్‌లో మిగతా డబ్బాలు ఖాళీ అవుతున్నాయి, నాది అట్లాగే ఉంది. ఒకతను ఒక గింజ నమిలి, "గివి గుర్రాలు తినేటివి గదనే" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుకు నాలో ఉన్న కొంటెవాడు లేచి కూర్చున్నాడు.

గుర్రాలవే, అన్నాను. మా నాయనమ్మ ఒక నవాబు గారి గుర్రాలకు ఉలవలు ఉడకబెట్టేదని మొదలుపెట్టాను. నవాబుకు ఇదే జబ్బు. కాలి వేలు నల్లబడింది. విలాయతీ డాక్టర్లు కత్తి పట్టుకొని దేవడీ గుమ్మం ముందు నిలబడ్డారు. నవాబు దుఃఖంతో గుర్రపుశాలకు వెళ్లి, తన ప్రియమైన గుర్రం తొట్టిలోంచి ఒక గుప్పెడు గుగ్గిళ్ళు తిన్నాడు. మా నాయనమ్మ చూసి, నలభై రోజులు తినండి హుజూర్ అంది. నలభై ఒకటో రోజు నవాబు చార్మినార్ మెట్లు ఎక్కి, పైనుంచి డాక్టర్లకు ఆ వేలే ఊపి చూపించాడు. గుర్రం మాత్రం వాటా తగ్గిందని అలిగింది.

జనం పడీ పడీ నవ్వారు. ఇంకా నమ్మరా అని టికెట్ల సంచీ మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాను. మొసలి కథకు కూడా నేను ఒట్టు పెట్టలేదు. అన్న ఒక్కడే నవ్వలేదు. నా డబ్బా దగ్గరికి లాక్కొని గుగ్గిళ్ళు రెండుసార్లు పెట్టుకున్నాడు. నాకు సంబరమైంది.

మూడు వారాలు గడిచాయి. అన్న సీసాల కొద్దీ నీళ్లు తాగేవాడు. ఒక ట్రిప్పులో మూడుసార్లు బండి ఆపి దిగేవాడు. ప్యాసింజర్లు లొల్లి పెట్టేవాళ్లు. ఒకరోజు జామకాయల తోపుడు బండికి బెత్తెడు దూరంలో బ్రేకు కొట్టాడు. పదకొండేళ్లలో ఆయన బ్రేకుకు నా తల కడ్డీకి తగలడం అదే మొదటిసారి. మసకగా కనిపించింది అన్నాడు, అంతే.

మర్నాడు పురానాపూల్ స్టాపులో వదిన అన్నం డబ్బా అందించడానికి వచ్చింది. కిటికీ దగ్గరికి వచ్చి నన్ను పలకరించింది.

"నువ్వు చెప్పినంక గోలీలు బంద్ వెట్టిండు తమ్మీ. పొద్దుమాపు ఉలవలే. నలభై దినాలు కానియ్యి అంటుండు. మీ నాయనమ్మ ఏ లోకంల ఉన్నా సల్లగుండాలె."

బండి కదిలింది. నేను ఎవరికి టికెట్ ఇచ్చానో, ఎవరికి ఇవ్వలేదో నాకు తెలియదు.

ఇంటికి పోయి నా భార్యకు చెప్పాను. ఆమె పప్పులో రాళ్లు ఏరడం ఆపింది. "మీ నాయనమ్మ వోయినప్పుడు నీకు రెండేండ్లు. ఆమె ఎన్నడు గుర్రం మొఖం చూడలే. పోయి నిజం చెప్పు" అంది. నాలుగు రోజులు ప్రయత్నించాను. బండి ఆగిన ప్రతిసారీ నేను నోరు తెరిచేలోపు ఆయనే, "ఏదన్న చెప్పు" అనేవాడు. వేరే ఏదో చెప్పేవాణ్ణి. అలసిపోయిన మనిషికి అలవాటైన పనే తేలిక.

మెడికల్‌కు ఇంకా నాలుగు వారాలుండగా మళ్లీ దావత్ వచ్చింది. పేపర్లు పరిచారు. అన్న తన డబ్బా కూడా తెచ్చాడు, అదీ గుగ్గిళ్ళే. ముఖం పీక్కుపోయి ఉంది. ఎవరూ ఇంకా ముద్ద కలపలేదు. నేను లేచి నిలబడ్డాను. నవాబు లేడు, గుర్రం లేదు, మా నాయనమ్మ ముఖం కూడా నాకు గుర్తులేదు, గుగ్గిళ్ళు మంచి తిండే గానీ మందు కాదు, అన్నా నువ్వు గోలీలు మింగు అని అందరి ముందూ చెప్పేశాను. అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. అన్న నన్ను చూడలేదు. తన డబ్బాకు మూత పెట్టాడు.

"పదకొండేండ్ల సంది నీ అబద్ధాలు ఇనుకుంటనే బండి నడిపిన. గిదొక్కటి నిజమనుకున్న" అన్నాడు.

ఇక్కడ ఆపేస్తే బాగుండేది. ప్రమాణం చేశాను కాబట్టి ఆపలేకపోతున్నాను. నేను లేచి నిలబడలేదు. అదంతా కల్పితం. ఆయన పక్కన కూర్చొని, జొన్న రొట్టె తుంచుతూ, ఏదో గుర్తొచ్చినవాడిలా, "అన్నా, ఒక ముచ్చట మరిచిన. నవాబు గుగ్గిళ్ళతోని డాక్టర్ గోలీ గూడ మింగేటోడంట. అది లేకుంటే పని చెయ్యవని మా నాయనమ్మ గట్టిగ చెప్పేది" అన్నాను. ఆయన నన్ను ఒక క్షణం చూశాడు. "ముందుగాల చెప్పొద్దా" అని, జేబులోంచి గోలీల పట్టీ తీసి, ఒకటి మజ్జిగతో మింగాడు. పట్టీ అన్ని రోజులూ జేబులోనే ఉంది.

మెడికల్‌లో షుగర్ దిగింది. పూర్తిగా కాదు, స్టీరింగ్ మీద ఉండనిచ్చేంత. గోలీలు మానొద్దని గట్టిగా చెప్పి పంపారు. ఆయన మానడం లేదు. మా నాయనమ్మ మాట మీద మింగుతున్నాడు. నేను ప్రతి నెలా ఉలవలు నానబెడుతున్నాను.

"గిదొక్కటి నిజమనుకున్న" అని ఆయన అన్నట్టు రాసిన ఆ మాట కూడా ఆయన అనలేదు. నేనే ఆయన నోట్లో పెట్టాను. నిజం చెప్పి ఉంటే ఆ మాట వినాల్సి వచ్చేది. అది వినే ధైర్యం లేక ఇంకో అబద్ధం ఆడాను.